తాడు గట్టిదైతే చాలదు

నటుణ్ణి తీగకు తగిలించి వేదిక మీద గాలిలోకి లేపే ఏర్పాటు పైకి చాలా తేలికగా కనిపిస్తుంది. పైన ఒక గిలక, కింద తాడు పట్టుకున్న ఇద్దరు మనుషులు, నటుడి దుస్తుల లోపల ఒక హార్నెస్. బావిలోంచి నీళ్లు తోడే గిలకకూ దీనికీ పెద్ద తేడా లేదనిపిస్తుంది. ఔత్సాహిక నాటక సమాజాల్లో ఈ అనిపించడమే ఒక సిద్ధాంతంగా స్థిరపడింది. తాడు మనిషి బరువుకు పదింతలు మోయగలిగితే చాలు, కొండలెక్కే అలవాటున్న సభ్యుడు ఒకడుంటే చాలు, రిహార్సళ్లు బాగా చేస్తే చాలు, ఊరి హాల్లో కూడా పీటర్ పాన్‌ను ఎగరేయవచ్చు అన్నది ఆ సిద్ధాంతం. ఎగిరే దృశ్యాలు కట్టే వృత్తి సంస్థలు డబ్బున్న వాళ్లకే అన్నది దానికి తోక. చట్టాలు ఫ్యాక్టరీల కోసం, సరదాగా ఆడే నాటకాల కోసం కాదు అన్నది మరో తోక. ఇందులో ఒక్క మాటా పరీక్షకు నిలవదు.

ఐర్లాండులో ఈ సిద్ధాంతానికి బలం ఎక్కువ ఉండటానికి కారణం ఉంది. ఔత్సాహిక నాటకానికి అంతటి గౌరవం ఇచ్చే దేశాలు తక్కువ. అథ్లోన్‌లో 1953 నుంచి అఖిల ఐర్లాండ్ నాటకోత్సవం జరుగుతోంది. 1959లో డబ్లిన్‌లోని అబీ థియేటర్ తిప్పి పంపిన జాన్ బి. కీన్ నాటకం 'సైవ్'ను కెర్రీ కౌంటీలోని లిస్టవల్ నాటక బృందం తానే ఆడి, అథ్లోన్‌లో మొదటి బహుమతి గెలుచుకుంది. సంగీత నాటక సమాజాలకు 1965 నుంచి ఎయిమ్స్ అనే జాతీయ సంఘం ఉంది. క్రిస్మస్ రోజుల్లో పిల్లాపెద్దా కలిసి పాంటోమైమ్ అనే హాస్య సంగీత నాటకం ఆడని పట్టణం అరుదు. వృత్తి రంగస్థలానికి తాము ఏమాత్రం తీసిపోమన్న గర్వం ఈ చరిత్రలోంచే వచ్చింది. ఆ గర్వం న్యాయమైనదే. నటనలో, దర్శకత్వంలో, పాటలో ఔత్సాహికుడు వృత్తి నటుణ్ణి మించగలడని లిస్టవల్ నిరూపించింది. అయితే ఆ విద్యల్లో తప్పు జరిగితే మరునాడు దిద్దుకునే వీలుంటుంది. మనిషిని తీగకు వేలాడదీసే పనిలో ఆ వీలు లేదు. గర్వాన్ని ఒక విద్య నుంచి మరో విద్యకు మోసుకుపోవడంతోనే పొరపాటు మొదలవుతుంది.

ముందుగా తాడు బలం సంగతి. మూడు మిల్లీమీటర్ల పైచిలుకు మందం ఉన్న మెత్తటి ఉక్కు తీగ కొత్తగా ఉన్నప్పుడు సుమారు 900 కిలోల దగ్గర తెగుతుంది. నటి బరువు 60 కిలోలు. అంటే తీగ ఆమె కంటే 15 రెట్లు బలమైనది. సమాజం సమావేశంలో ఈ లెక్క విన్న వాళ్లందరికీ ధైర్యం వస్తుంది. కానీ 60 కిలోలన్నది ఆమె కదలకుండా వేలాడుతున్నప్పటి భారం మాత్రమే. కదలకుండా వేలాడే మనిషిని చూడటానికి ఎవరూ టికెట్ కొనరు.

ఆమె ఉయ్యాలలా ఊగుతుంది. నిలువుకు 45 డిగ్రీల కోణం నుంచి ఊగితే, అడుగు భాగానికి వచ్చేసరికి తీగ మీద పడే లాగుడు సుమారు 95 కిలోలకు సమానం. తీగ పైన గిలక మీదుగా మళ్లీ కిందికి వచ్చి లాగేవాళ్ల చేతుల్లో ఉంటుంది. వాళ్లు కూడా అంతే బలంతో లాగుతుంటారు కాబట్టి గిలకను మోసే దూలం మీద పడేది దానికి రెట్టింపు, అంటే 190 కిలోలు. 60 కిలోల నటి కోసం కట్టిన ఏర్పాటు మామూలు ఊపులోనే దూలాన్ని ఆమె బరువుకు మూడింతలకు పైగా లాగుతోంది. ఇంకా ఎవరూ ఏ తప్పూ చేయలేదు.

ఇప్పుడు ఒక చిన్న తప్పు. నటి మంచం మీద నిలబడి ఉంది. తీగ 60 సెంటీమీటర్లు వదులుగా ఉంది. అవతలి కొసను కొక్కేనికి బిగించేశారు. సంకేతం రాకముందే ఆమె అడుగు వేసింది. ఉక్కు తీగ సాగదు. హార్నెస్ పట్టీలు, తీగ, దూలం అన్నీ కలిసి ఆమెను 5 సెంటీమీటర్ల దూరంలో ఆపాయనుకుంటే, ఆపే బలం సగటున ఆమె బరువుకు 13 రెట్లు ఉంటుంది. అంటే 780 కిలోలు. గరిష్ఠ బలం ఇంకా ఎక్కువే ఉంటుంది. తీగ కొసను హార్డ్‌వేర్ షాపులో దొరికే క్లిప్పులతో బిగించి ఉంటే, అవి సరిగ్గా బిగించినప్పుడే తీగ అసలు బలంలో 80 శాతం దాకా నిలుపుతాయి, తలకిందులుగా వేస్తే అంతకన్నా తక్కువ. 900లో 80 శాతం 720. పదిహేను రెట్లు బలమైన తీగ ఒక వదులు అడుగుకు తెగడానికి ఇంత చాలు. తెగకపోతే ఆ బలమంతా నటి వెన్నెముక మీద, పైన దూలం మీద పడుతుంది. గిలక దగ్గర లెక్క ఒకటిన్నర టన్ను దాటుతుంది.

తీగకు బదులు కొండలెక్కేవాళ్లు వాడే సాగే తాడు వేస్తే ఈ కుదుపు తగ్గుతుందన్నది తరచు వినిపించే జవాబు. తగ్గుతుంది, నిజమే. అయితే అది పడిపోయేవాణ్ణి ఆపడానికి చేసిన తాడు. మనిషి దానికి వేలాడితేనే తాడు పొడవులో పదో వంతు దాకా సాగవచ్చు. ఎనిమిది మీటర్ల తాడైతే 80 సెంటీమీటర్లు. అలాంటి తాడుతో లేపిన నటుడు రబ్బరు బంతిలా పైకీ కిందికీ ఆడుతుంటాడు, దిగాల్సిన చోట దిగడు. వేదిక పని కోసం తీగను ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది, ఆ ఎంపికకు చెల్లించే మూల్యమూ ఉంది. ఒక విద్యలోని సామాను మరో విద్యలోకి తెచ్చినప్పుడు ఆ కారణాలు వెంట రావు.

తాడు తర్వాత కప్పు. సిద్ధాంతవాదులు అన్నిటికంటే తక్కువ మాట్లాడేది దీని గురించే, నిజానికి ప్రమాదం ఎక్కువగా దాగి ఉండేది ఇక్కడే. వృత్తి థియేటర్లలో వేదిక పైన ఎత్తైన గోపురం, దానిలో బరువులు వేలాడదీయడానికే కట్టిన ఉక్కు చట్రం ఉంటాయి. ఐర్లాండులోని చర్చి హాళ్లు, స్కూలు హాళ్లు, క్లబ్బుల హాళ్లు అలా కట్టినవి కావు. వాటి కప్పును లెక్కగట్టిన ఇంజనీరు పలకల బరువునూ, గాలినీ, మంచునూ చూసుకున్నాడు. ఈ భారాలు కప్పంతా పరుచుకుని పడతాయి. ఎగిరే నటుడి భారం ఒకే బిందువు దగ్గర, కుదుపులతో, పక్కకు లాగుతూ పడుతుంది. 1970ల నుంచి వాడుకలో ఉన్న, కప్పును మోసే కర్ర ట్రస్‌లలో కర్ర మందం సాధారణంగా 35 మిల్లీమీటర్లు, కీళ్లను పట్టి ఉంచేవి పళ్లున్న పలుచటి ఇనుప రేకులు. ట్రస్ అడుగు కర్ర సీలింగ్ బోర్డును మోయడానికీ, ఎప్పుడో అటక ఎక్కే ఒక మనిషిని తట్టుకోవడానికీ ఉద్దేశించినది. దానికి గిలక కట్టడమంటే కీలు రేకును పీకే ప్రయత్నమే.

"ఇదే దూలానికి ముప్పై ఏళ్లుగా లైట్లు వేలాడుతున్నాయి" అన్న వాదన ఇక్కడ చెల్లదు. లైట్లు ఊగవు, అడుగు వేయవు. "ముగ్గురం కలిసి వేలాడి చూశాం" అన్నదీ చెల్లదు. ముగ్గురు నిదానంగా వేలాడితే 200 కిలోల నిశ్చల భారం, అంతే. అది దూలం ఆ ఒక్క రోజు విరగలేదని చెబుతుందే తప్ప, కర్రలో లోపల పగులు పడిందో లేదో చెప్పదు. కప్పు ఎంత మోస్తుందో, ఏ బిందువు దగ్గర మోస్తుందో రాసి సంతకం పెట్టగలిగింది భవన నిర్మాణ ఇంజనీరు మాత్రమే. ఆ కాగితం లేని హాల్లో చర్చ అక్కడితో ముగియాలి. కప్పు మీద ఆధారపడకుండా నేల మీద నిలబడే ఉక్కు చట్రం వేయడం ఒక దారి, దానికీ లెక్కగట్టేవాడు కావాలి.

ఎత్తు తక్కువైతే ప్రమాదం తక్కువన్న నమ్మకం కూడా ఉంది. ఊగే నటుడి విషయంలో ఇది తప్పుదారి పట్టిస్తుంది. ఆరు మీటర్ల తీగకు వేలాడే నటుడు కేంద్రానికి మూడు మీటర్ల పక్క నుంచి బయల్దేరితే, మధ్యకు వచ్చేసరికి అతని వేగం గంటకు 14 కిలోమీటర్లు. మూడు మీటర్ల తీగతో, ఒకటిన్నర మీటర్ల దూరం నుంచైనా గంటకు 10 కిలోమీటర్లు. చిన్న వేదిక మీద ఆ వేగంతో వచ్చే మనిషికీ, చెక్కతో చేసిన కిటికీ చట్రానికీ మధ్య ఉండేది కొన్ని అడుగులే. పెద్ద వేదిక మీద తప్పించుకోవడానికి ఖాళీ ఉంటుంది, చిన్న వేదిక మీద ఉండదు. పైగా నేల మీద పరుపులుండవు. తెలుగు సినిమాలో రోప్ వేసి హీరోను ఎగరేసినప్పుడు ఫ్రేము అవతల పరుపులుంటాయి, షాట్ కొన్ని సెకన్లది, బాగా రాకపోతే ఇంకో టేక్ ఉంటుంది. ప్రేక్షకుల ముందు ఈ మూడూ లేవు.

ఊపు లేకుండా నిలువుగా లేపి దించడమే అయితే భయం లేదా? 2024 జనవరి 18న హైదరాబాదు శివార్లలోని రామోజీ ఫిల్మ్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ రజతోత్సవం జరిగింది. సంస్థ అధిపతి, మరో ఉన్నతాధికారి పంజరంలాంటి చట్రంలో నిలబడి పై నుంచి వేదిక మీదికి దిగుతున్నారు. ఒక వైపు ఆధారం తెగి ఇద్దరూ కింద పడ్డారు. అధిపతి మరణించారు, రెండో వ్యక్తి తీవ్రంగా గాయపడ్డారు. అందులో ఊపు లేదు, విన్యాసం లేదు, నెమ్మదిగా దిగడమే ఉంది. ఒక ఆధారం తెగితే మిగిలినవి మనిషిని నిలపగలగాలన్న సూత్రం వేగంతో సంబంధం లేనిది. ఎంత చిన్న దృశ్యానికైనా అది వర్తిస్తుంది.

ఇక "మాలో తెలిసినవాడున్నాడు" అన్న వాదన. ఐర్లాండు ఊళ్లలో తాళ్లతో పనిచేసే వాళ్లకు కొదవ లేదు. కొండలెక్కేవాళ్లు, పడవలు నడిపేవాళ్లు, పొలాల్లో యంత్రాలతో బరువులెత్తేవాళ్లు అందరూ నిజమైన నేర్పరులే. కానీ వాళ్ల నేర్పు వేరే ప్రశ్నకు జవాబు. ఈ విషయాన్ని అత్యంత క్రూరంగా చెప్పిన ఘటన 1999 మే 23న అమెరికాలోని కాన్సస్ సిటీలో జరిగింది. కుస్తీ ప్రదర్శకుడు ఓవెన్ హార్ట్‌ను కెంపర్ అరీనా కప్పు నుంచి తీగ మీద దించుతున్నారు. దిగగానే చప్పున విడిపోవాలని తీగకూ హార్నెస్‌కూ మధ్య పడవల తెరచాపలకు వాడే రకం కొక్కెం పెట్టారు. చిన్న లాగుడుకే తెరుచుకోవడం ఆ కొక్కెం గొప్పతనం, సముద్రం మీద అది అక్కరకొచ్చే గుణమే. గాలిలో ఉండగానే అది తెరుచుకుంది. సుమారు 24 మీటర్ల ఎత్తు నుంచి పడి ఆయన చనిపోయాడు. ఆ రోజు బలహీనమైన తాడంటూ ఏదీ లేదు. ఒక విద్యకు సరైన సామాను మరో విద్యలో చావుకు దారి అయింది.

కొండలెక్కేవాళ్ల క్యారబీనర్ కొక్కెం విషయంలోనూ ఇదే జరుగుతుంది. నిలువుగా లాగితే అది రెండు టన్నులకు పైగా తట్టుకుంటుంది. అడ్డంగా తిరిగినా, గేటు తెరుచుకుని ఉన్నా తట్టుకునేది దానిలో మూడో వంతు మాత్రమే. కొండ మీద వాడేవాడు దాన్ని కంటి ముందు పెట్టుకుని చూసుకుంటాడు. వేదిక మీద అది నటుడి వీపు వెనుక, దుస్తుల మడతల్లో, చీకట్లో ఉంటుంది. అది తిరిగిందో లేదో అతనికి కనిపించదు. హార్నెస్ కూడా అంతే. కొండ హార్నెస్ నడుము ముందు నుంచి పట్టుకుంటుంది, కూర్చున్న భంగిమలో వేలాడదీస్తుంది. ఎగిరే నటుడికి పక్కల నుంచీ వెన్ను నుంచీ పట్టేది, అతని కొలతకు సరిపోయేది కావాలి.

రిహార్సళ్ల మీద ఉన్న నమ్మకం గురించి చెప్పడానికి ఐర్లాండుకు దగ్గరి ఉదాహరణే ఉంది. డబ్లిన్ బృందం యూటూకు చెందిన బోనో, ది ఎడ్జ్ సంగీతం కట్టిన 'స్పైడర్ మ్యాన్: టర్న్ ఆఫ్ ది డార్క్' బ్రాడ్‌వే మీద ఆడింది. దాని ఖర్చు ఏడున్నర కోట్ల డాలర్ల దరిదాపు. వృత్తి నిపుణులు, కంప్యూటర్ నడిపే వించీలు, నెలల తరబడి సాధన, ఏ లోటూ లేదు. 2010 డిసెంబర్ 20న ఒక నటుడు ఎత్తైన వేదిక అంచు నుంచి దూకాల్సిన చోట దూకాడు. వీపుకు కట్టిన పట్టీ అవతలి కొసను తగిలించాల్సిన చోట తగిలించలేదు. ఇరవై అడుగులకు పైగా లోతున పడి పుర్రె, వెన్నెముక ఎముకలు విరిగాయి. తెగిన తాడు లేదు, విరిగిన దూలం లేదు. ఒక చెయ్యి ఒక కొక్కేన్ని తగిలించడం మరిచింది. ఆ తర్వాత పెట్టిన నియమం డబ్బుతో సంబంధం లేనిది: ఒకరు తగిలించాలి, రెండో మనిషి చూసి నిర్ధారించాలి, తగిలించామని పైకి మాటగా చెప్పాలి.

ఈ ఘటనను చూపించి, వృత్తి సంస్థలు కూడా తప్పు చేస్తాయి కదా, వాళ్లకు డబ్బిచ్చి ప్రయోజనమేమిటని అడిగేవాళ్లున్నారు. ఇది తలకిందుల తర్కం. నిపుణులకే మరుపు వచ్చే పని అని తేలినప్పుడు, పగలు ఉద్యోగం చేసి సాయంత్రం వచ్చే స్వచ్ఛంద కార్యకర్తకు అది రాదని అనుకోవడానికి ఆధారం ఏమిటి? వందసార్లు సవ్యంగా జరిగిందన్నది నూట ఒకటోసారికి హామీ కాదు. పైగా అలవాటు పెరిగేకొద్దీ చూపు మొద్దుబారుతుంది. మొదటి రాత్రి నాలుగు కళ్లు చూసిన కొక్కేన్ని ఆఖరి రాత్రి ఎవరూ చూడకపోవచ్చు.

చట్టం మీద ఉన్న భ్రమలు మూడు రకాలు. మొదటిది, ఔత్సాహిక సమాజం యజమాని కాదు కాబట్టి 2005 నాటి ఐర్లాండు పనిస్థల భద్రత, ఆరోగ్య, సంక్షేమ చట్టం తమకు వర్తించదన్నది. నిజంగా అన్నీ స్వచ్ఛందంగా నడిచే సమాజాలు ఎన్ని? సంగీత దర్శకుడికి, నృత్య శిక్షకుడికి, వాద్యబృందానికి, లైట్లు అద్దెకిచ్చేవారికి డబ్బు చెల్లించడం మామూలే. హాలుకు జీతగాళ్లుంటారు. ఎవరో ఒకరు జీతానికి పనిచేసే చోటు పనిస్థలమే. అక్కడ పని జరిగే తీరు వల్ల జీతగాళ్లు కాని వారికి కూడా హాని కలగకుండా చూడటం ఆ చట్టం విధించిన బాధ్యతల్లో ఒకటి. పెద్ద కోర్టులో నేరం రుజువైతే జరిమానా 30 లక్షల యూరోల దాకా, జైలు రెండేళ్ల దాకా ఉండవచ్చు. 2007 నాటి నిబంధనల ప్రకారం మనుషులను ఎత్తే సామగ్రిని ఆరు నెలలకొకసారి తగిన శిక్షణ, అనుభవం, జ్ఞానం ఉన్న వ్యక్తి క్షుణ్ణంగా పరీక్షించి నివేదిక రాయాలి. తాడు కొన్న రసీదు ఆ నివేదిక కాదు.

రెండో భ్రమ కొంచెం చదువుకున్న వాళ్లది. ఐరోపా యంత్రాల ఆదేశం, 2006/42, కళా ప్రదర్శనల్లో ప్రదర్శకులను కదిలించే యంత్రాలను తన పరిధి నుంచి మినహాయించింది. అది చూపించి, చూశారా, నాటకాల వాళ్లకు స్వేచ్ఛ ఇచ్చారు అంటారు. ఆ మినహాయింపును చదవాల్సింది మరోలా. ఇలాంటి యంత్రం మీద ఆ ఆదేశం కింద సీఈ గుర్తు ఉండదు. అంటే దుకాణంలో కొని తెచ్చుకుని, తయారీదారు హామీ మీద ఆధారపడే అవకాశం లేదు. ప్రతి ఏర్పాటుకూ, ప్రతి హాలుకూ, ప్రతి దృశ్యానికీ ప్రమాద అంచనా విడిగా వేయాల్సిన భారం కట్టేవాడి మీద పడుతుంది. ఐరోపా దేశాలు 2020లో ఈఎన్ 17206 అనే ప్రమాణాన్ని వేదిక యంత్రాల కోసమే తెచ్చుకున్నాయి, అమెరికాలో ఎగిరే ప్రదర్శకుల కోసమే 2016లో ఈ1.43 వచ్చింది. స్వేచ్ఛ ఇచ్చిన చోట ఇన్ని ప్రమాణాలు ఎందుకు పుడతాయి?

మూడోది స్వచ్ఛంద సేవకు రక్షణ ఉందన్నది. ఉంది. 2011లో చేసిన చట్టం స్వచ్ఛందంగా పనిచేసే వ్యక్తిని నిర్లక్ష్యం తాలూకు వ్యక్తిగత బాధ్యత నుంచి చాలావరకు కాపాడుతుంది. తన అధికారానికి మించిన పని అని తెలిసి చేసినవాణ్ణి కాపాడదు. సమాజాన్ని అదే తీరులో గట్టున పడేయదు కూడా. ఎగిరేది పిల్లలైతే లెక్క ఇంకా పొడవు. ఐర్లాండులో గాయాల దావాకు మామూలు గడువు రెండేళ్లు, మైనరుకు ఆ రెండేళ్లు 18 నిండాక మొదలవుతాయి. పదేళ్ల పాపకు తగిలిన దెబ్బ మీద పదేళ్ల తర్వాత కూడా ప్రశ్న రావచ్చు. అప్పటికి తాడు కట్టినవాడు ఊరు మారి ఉంటాడు, కాగితాలు దొరకవు. తల్లిదండ్రుల సంతకం ఆ పాప హక్కును తుడిచేయదు. ఇంతకీ చట్టం గురించి ఇంత చెప్పాల్సి రావడమే బాధాకరం. పాప నడుం విరిగాక ఎవరు కట్టాలన్నది రెండో ప్రశ్న, విరగకుండా చూడటం మొదటిది.

తెలుగు పాఠకుడికి ఇక్కడ సురభి గుర్తుకొస్తుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచక వధ'తో మొదలుపెట్టిన ఆ సమాజం, మాయాబజార్‌లో, పాతాళభైరవిలో పాత్రలను గాలిలో తేలించి తరాల ప్రేక్షకులను ఆశ్చర్యపరిచింది. పెద్ద థియేటరూ లేదు, కంప్యూటరూ లేదు. మరి సురభి చేయగలిగింది ఐర్లాండు ఊరి సమాజం ఎందుకు చేయలేదన్న ప్రశ్న న్యాయంగానే కనిపిస్తుంది. కానీ సురభి ఔత్సాహిక సమాజం కాదు. అది కుటుంబాల వృత్తి. అక్కడి పిల్లలు తెర వెనుకే పుట్టి పెరుగుతారు, తాడు లాగే చేతికీ గాలిలో ఉన్న మనిషికీ మధ్య ఏళ్ల తరబడి అల్లుకున్న పరిచయం ఉంటుంది, తమ రంగాన్ని తామే కట్టుకుంటారు. సురభికి సరితూగేవి ఎగిరే దృశ్యాలే వృత్తిగా పెట్టుకున్న సంస్థలు. పీటర్ పాన్ కోసం తీగ ఏర్పాటు చేసిన జార్జ్ కర్బీ సంస్థ అలాంటిది. అక్కడి నుంచి 1950లో అమెరికా వెళ్లిన పీటర్ ఫోయ్ తర్వాత సొంత సంస్థ పెట్టి జీవితమంతా ఈ ఒక్క పనే చేశాడు. ఏటా రెండు నాటకాలు ఆడి, ఒక దాంట్లో మూడు రాత్రుల కోసం తీగ కట్టే సమాజానికి సురభిని సాక్ష్యంగా పిలిచే హక్కు లేదు.

ఎగరకపోతే పీటర్ పాన్ లాంటి నాటకాలే ఆడలేమన్నది ఆఖరి వాదన. 1904 డిసెంబర్ 27 రాత్రి లండన్‌లోని డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్‌లో జె.ఎం. బారీ పీటర్ పాన్ మొదటిసారి ఆడింది. ఐదు రోజుల ముందే తెర లేవాల్సింది, వేదిక యంత్రాలు మొరాయించడంతో వాయిదా పడింది. నాటకం చూసిన పిల్లలు ఇంటికెళ్లి మంచాల మీద నుంచి ఎగరబోయి దెబ్బలు తగిలించుకున్నారనీ, అందుకే దేవకన్య ధూళి చల్లితేనే ఎగరగలరన్న మాట చేర్చాల్సి వచ్చిందనీ బారీ తర్వాత రాశాడు. సరిగ్గా అదే రాత్రి డబ్లిన్‌లో అబీ థియేటర్ తలుపులు తెరిచింది. ఆడినవాళ్లలో ముఖ్యులు ఫే సోదరుల ఔత్సాహిక బృందం నుంచి వచ్చినవాళ్లే. అన్నదమ్ముల్లో ఒకరు ఎలక్ట్రీషియన్, ఒకరు గుమాస్తా. ఆ రాత్రి ఆడిన నాటకాల్లో 'క్యాథలీన్ నీ హులిహన్' ఒకటి. అందులో ముసలమ్మ పడుచు రాణిగా మారుతుంది. ఆ మార్పు వేదిక మీద జరగదు, బయట నుంచి వచ్చిన ఒక కుర్రాడు చెప్పే మాటలో జరుగుతుంది. ఏ యంత్రమూ లేకుండా ఆ కుర్రాడి మాటతోనే ప్రేక్షకుల ఒళ్లు జలదరించింది. ఐర్లాండు ఔత్సాహిక రంగస్థలం వారసత్వం ఈ రెండో దారి. ఎగరడాన్ని చూపించకుండా నమ్మించే మార్గాలు ఆ దారిలో చాలా ఉన్నాయి: నీడల తెర, బొమ్మలు, నల్ల దుస్తులు వేసుకుని నటుణ్ణి భుజాల మీద మోసే బృందం, చక్రాల మీద కదిలే నిచ్చెన. ఎగిరే దృశ్యంగా ప్రపంచమంతా చెప్పుకునే 'వికెడ్' సంగీత నాటకంలోని మంత్రగత్తె ఘట్టంలోనూ తీగ లేదు. నటిని కింద నుంచి లిఫ్ట్ ఎత్తుతుంది, పొడవాటి వస్త్రం దాన్ని కప్పేస్తుంది. దానికీ లెక్కలు, పరీక్షలు కావాలి, కాకపోతే కప్పు మీద భారం ఉండదు.

వీటన్నిటి తర్వాత కూడా తీగతోనే ఎగరాలని సమాజం నిర్ణయించుకుంటే, పని ఈ వరుసలో జరగాలి. నాటకం ఎంచుకోకముందే హాలు కప్పు మీద ఇంజనీరు రాతపూర్వక నిర్ణయం ఉండాలి. బీమా సంస్థకు ఎగిరే దృశ్యం ఉందని ముందే చెప్పి, వర్తిస్తుందన్న జవాబు కాగితం మీద తీసుకోవాలి. తీగలు, గిలకలు, హార్నెస్‌లు ఎగిరే దృశ్యాల సంస్థ నుంచే రావాలి, వాటిని అమర్చేది ఆ సంస్థ మనుషులే కావాలి, లాగేవాళ్లకు శిక్షణ ఇచ్చేదీ వాళ్లే. లాగే పని ఇచ్చిన వాళ్లకు ఆ రాత్రి వేరే పని ఇవ్వకూడదు. ప్రతి ప్రదర్శనకు ముందు ఖాళీ తీగకు బరువు కట్టి పూర్తి మార్గం నడిపి చూడాలి. తీగలో తెగిన పోగులున్నాయేమో చేతితొడుగుతో తడిమి చూడాలి. నటుణ్ణి తగిలించేవాడొకడు, సరిచూసేవాడు మరొకడు, ఇద్దరూ పేరుతో సంతకం పెట్టాలి. ఆపమని అనే మాట ఒకటే ఉండాలి, అది పలికే హక్కు దర్శకుడి నుంచి తెర లాగే కుర్రాడి దాకా అందరికీ ఉండాలి. పలికినవాణ్ణి ఎందుకు పలికావని ఎవరూ గద్దించకూడదు.

ఇంకా ఒకటుంది, దీన్ని దాదాపు అందరూ మరిచిపోతారు. తీగ మధ్యలో ఇరుక్కుని, నటుడు వేదిక పైన కదలకుండా వేలాడుతూ ఉండిపోతే ఏం చేయాలి? హార్నెస్‌లో కదలిక లేకుండా వేలాడే మనిషి కాళ్లలో రక్తం నిలిచిపోయి నిమిషాల్లో స్పృహ తప్పవచ్చు. ఫైరింజను వచ్చేదాకా ఆగే వీలుండదు. నిచ్చెన ఏ వింగ్‌లో ఉంటుందో, దాన్ని ఎవరు తెస్తారో, ఎవరు ఎక్కుతారో, తెర ఎవరు దించుతారో, తీగను ఏ కొస నుంచి విడిపిస్తారో ముందే రాసి ఉంచాలి. ఆ రాసుకున్నది నటుడు నిజంగా వేలాడుతుండగా, గడియారం పట్టుకుని, డ్రెస్ రిహార్సల్‌కు ముందే ఒకసారి చేసి చూడాలి.